కోటి రూపాయల ఆట: సరుకు మేలైనదే, చీటీ మీద పేర్లే చాలవు

మా టీవీలో 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’గా మొదలై, 2021లో జెమినీ టీవీలో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’గా తిరిగి వచ్చిన ప్రశ్నల ఆటను మన ఇళ్లలో నాగార్జున షో, చిరంజీవి షో, ఎన్టీఆర్ షో అని నడిపినవారి పేర్లతోనే చెప్పుకుంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు గాని, ఆ మూడు పేర్లలో ఏ ఒక్కటీ ఆటను తయారు చేసినవారిది కాదు. అది లండన్‌లో తయారై, నియమాల పుస్తకంతో, సంగీతంతో, దీపాల అమరికతో సహా దేశదేశాలకు హక్కుల రూపంలో అమ్ముడుపోయిన సరుకు. కనుక ఈ సమీక్షలో దాన్ని సరుకుగానే చూస్తాను. ఆట ఎంత బాగా పనిచేస్తుందన్నది ఒక సంగతి, దాన్ని కనిపెట్టిన ఘనత ఎవరికి దక్కాలన్నది ఇంకొక సంగతి. ఈ రెండో సంగతి మీద లండన్ హైకోర్టు దాకా తగాదాలు నడిచాయి కాబట్టి, వాటిని పక్కన పెట్టి ఆట గుణదోషాలను తూచడం కుదరదని నా అభిప్రాయం.

ముందుగా ఆట సంగతి. పదిహేను ప్రశ్నలు, ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబులు, కష్టం వచ్చినప్పుడు వాడుకోవడానికి లైఫ్‌లైన్లు, ఎంత జారినా అంతకన్నా కిందికి పోని రెండు మెట్లు, ఇదీ దాని కట్టుబడి. 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో హిందీలో మొదలైనప్పుడు వెయ్యి రూపాయలతో ప్రారంభమైన నిచ్చెన 3,20,000 దాటిన తర్వాత 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షల మీదుగా కోటికి చేరేది. తెలుగు పోటీదారులు ఎక్కిన మెట్లు కూడా అవే. ఇంగ్లండ్‌లో 32,000 పౌండ్ల తర్వాతి మెట్లు 64,000, 1,25,000, 2,50,000, 5,00,000, ఆపైన పది లక్షలు. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనవాళ్లు చేసిందల్లా ప్రతి అంకె చివర ఒక సున్నా చేర్చడమేనని తేలిపోతుంది.

సున్నా చేర్చారే గాని నిష్పత్తిని కదపలేదు, కదపకపోవడమే మంచిదైంది. హాట్ సీట్‌లో ఉన్న మనిషి చేతిలో 6,40,000 ఉండగా 12,50,000 ప్రశ్న తెర మీదికి వచ్చిందనుకుందాం. మానుకుంటే ఉన్నది తీసుకుని వెళ్లిపోవచ్చు. తప్పు చెబితే 3,20,000కు జారిపోతాడు. అంటే పోయేది 3,20,000, కలిసివచ్చేది 6,10,000. జవాబు మీద నూటికి 35 పాళ్ల నమ్మకం ఉన్నా ఆడడమే లాభమని లెక్క చెబుతుంది. తర్వాతి మెట్టు దగ్గర ఆ గీత నూటికి 43కు, ఆ తర్వాత 47కు, కోటి ప్రశ్న దగ్గర 48కి పైచిలుకు చేరుతుంది. ఫిఫ్టీ ఫిఫ్టీ వాడుకుని రెండే జవాబులు మిగుల్చుకున్నవాడికి కోటి ప్రశ్న ముందు త్రాసు దాదాపు సమానంగా నిలుస్తుంది. ఆడమని గాని మానమని గాని లెక్క గట్టిగా చెప్పని ఆ చోట మనిషి ధైర్యం, ఇంటి అప్పు, ప్రేక్షకుల్లో కూర్చున్న భార్య ముఖం నిర్ణయం చేస్తాయి. ఇది యాదృచ్ఛికంగా కుదిరే పని కాదు. ఈ అంకెలను ఎవరో కూర్చుని, కొట్టివేసి, మళ్లీ రాసి ఉండాలి. ఆ ఎవరో ఎవరన్నదే ప్రశ్న.

డబ్బును మెట్టుమెట్టుకూ రెట్టింపు చేసే ఆలోచన మాత్రం వారిది కాదు. అమెరికా రేడియోలో 1940లో ‘టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్’ అనే కార్యక్రమం ఒక డాలరుతో మొదలుపెట్టి 64 డాలర్ల దాకా రెట్టింపు చేస్తూ పోయేది. దాన్నే పెంచి 1955లో సీబీఎస్ టెలివిజన్‌లో ‘ది 64,000 డాలర్ క్వశ్చన్’ తీసుకొచ్చారు. అక్కడ పోటీదారు ఒక స్థాయి దాటాక వారానికి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ వారం గెలిచినదాన్ని తీసుకుని ఆగిపోవాలా, వచ్చే వారం పందెం కాయాలా అన్నది ప్రశ్న వినకముందే తేల్చుకోవాలి. కోటీశ్వరుడి ఆటలో ఆ క్రమం తిరగబడింది. ప్రశ్న, నాలుగు జవాబులు కళ్ల ముందు పెట్టి, ఇప్పుడు చెప్పు, ఉంటావా వెళతావా అని అడుగుతారు. ఇంట్లో కూర్చున్న మనకు కూడా ప్రశ్న తెలుసు, జవాబు మనకు తెలిసి అతనికి తెలియకపోతే మనం మంచం మీద నుంచి లేచి అరుస్తాం. నా దృష్టిలో ఈ సరుకులో అసలైన కొత్తదనం ఈ ఒక్క మార్పులోనే ఉంది. మిగిలినవన్నీ దాని చుట్టూ అల్లుకున్నవి.

ఆటను తయారు చేసినవారిగా అధికారికంగా చెప్పే పేర్లు మూడు: డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవ్ నైట్. ముగ్గురూ లండన్ క్యాపిటల్ రేడియోలో క్రిస్ టారంట్ ఉదయపు కార్యక్రమానికి శ్రోతల ఆటలు తయారు చేసినవారే. తర్వాత టారంటే టెలివిజన్‌లో ఈ ఆటకు తొలి వ్యాఖ్యాత అయ్యాడు. వారి పథకానికి మొదటి పేరు ‘క్యాష్ మౌంటెన్’. సెలడార్ సంస్థ అధిపతి పాల్ స్మిత్ దాన్ని పట్టుకుని ఛానెళ్ల చుట్టూ తిరిగి, చివరకు ఐటీవీని ఒప్పించి, 1998 సెప్టెంబరు 4న ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్?’ పేరుతో ప్రసారానికి తెచ్చాడు. బహుమతి డబ్బులో ముఖ్యమైన వాటా ఆటలోకి రావడానికి ప్రేక్షకులు చేసే ఎక్కువ ధర ఫోన్ కాల్స్ నుంచి రావాలన్నది పథకంలో కీలకమైన లెక్క. ఆ లెక్క లేకపోతే పది లక్షల పౌండ్లు ఇస్తామనే ధైర్యం ఏ ఛానెలూ చేసేది కాదు.

ఈ మూడు పేర్లతోనే జాబితా ముగిస్తే అన్యాయమవుతుంది. నమూనా ఎపిసోడ్ కోసం చేయించిన పాప్ తరహా సంగీతం పాల్ స్మిత్‌కు నచ్చలేదు. దాన్ని పక్కన పెట్టి కీత్ స్ట్రాచన్‌ను పిలిపించాడు. కీత్, ఆయన కుమారుడు మాథ్యూ కలిసి, ఆట మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వినిపిస్తూ ప్రశ్న పెద్దదవుతున్న కొద్దీ బిగుసుకునే నేపథ్య సంగీతం కట్టారు. చుట్టూ ప్రేక్షకులు, నడుమ గుంటలో ఎదురెదురుగా రెండు ఎత్తైన కుర్చీలు ఉన్న ఆ రంగస్థలం ఆండీ వామ్స్‌లీ రూపకల్పన. పెద్ద ప్రశ్న రాగానే దీపాలు పోటీదారు మీదికి వాలేటట్టు అమర్చినవాడు బ్రయాన్ పియర్స్. అన్నపూర్ణ స్టూడియోలో వేసిన సెట్ అయినా ముంబయిలో వేసినదైనా వీరి కొలతలకు బంధువే. మనకు ఒళ్లు జలదరించేది ప్రశ్న విని కాదు, ఆ దీపాలు వాలినప్పుడు కింద నుంచి లేచే మృదంగం వంటి ఆ దెబ్బ విని. ఆ దెబ్బ కొట్టినవారి పేరు మన తెలుగు ప్రేక్షకుల్లో ఎందరికి తెలుసు?

ఇక తగాదాలు. ఆట ఇంగ్లండ్‌ను ఊపేసిన తర్వాత, దాని ఊహ తమదేనంటూ ఒకరి వెనుక ఒకరు ముందుకొచ్చారు. మైక్ బుల్ అనే సౌతాంప్టన్ పాత్రికేయుడు లైఫ్‌లైన్ల ఆలోచన తనదని 2002లో హైకోర్టుకు వెళ్లాడు. సెలడార్ కోర్టు బయట రాజీ చేసుకుంది, వివరాలు బయట చెప్పకూడదన్న షరతుతో. జాన్ బాకినీ వాదన ఇంకా విస్తారమైనది. 1981 నాటి ‘మిలియనీర్’ అనే బోర్డు ఆట, అదే పేరుతో 1990లో రాసిన రెండు పేజీల టెలివిజన్ పథకం, టెలిఫోన్ లాటరీ గురించిన మరో పథకం తనవని, వాటిని సెలడార్ వారికి, ఐటీవీ వారికి ముందే పంపానని, లైఫ్‌లైన్లతో సహా తన ఆటే తెర మీదికి వచ్చిందని ఆయన వాదించాడు. అందుకు సెలడార్ చూపించిన ఆధారం 1995 అక్టోబరు నాటి అయిదు పేజీల ‘క్యాష్ మౌంటెన్’ పత్రం. 2004లో ఈ దావాను విచారణ లేకుండానే కొట్టివేయించాలన్న సంస్థ ప్రయత్నం ఫలించలేదు, బాకినీకి పూర్తి విచారణకు వెళ్లే హక్కు దక్కింది. అయినా విచారణ తుది దాకా సాగలేదు, అది కూడా రాజీతోనే ముగిసింది.

రాజీ పడ్డారు కనుక తప్పు ఒప్పుకున్నట్టేనని కొందరు అంటారు. నేను అలా అనను. పదేళ్ల పాటు లాయర్లకు డబ్బు పోయడం కన్నా ఒకసారి ఇచ్చి వదిలించుకోవడం ఏ వ్యాపారికైనా తోచే ఉపాయమే. అలాగని దావా వేసినవారంతా డబ్బు కోసం కథలు అల్లారనడానికి కూడా నాకు మనసొప్పదు. టెలివిజన్ కార్యాలయాలకు ప్రతి వారం పథకాల కాగితాలు వచ్చి పడుతుంటాయి. ‘ప్రశ్నలు, డబ్బు, నిచ్చెన’ అనే మూడు మాటలు వాటిలో సగానికి పైగా ఉంటాయి. ఇద్దరికి ఒకే ఊహ రావడం అసాధ్యమూ కాదు, ఒకరి కాగితం ఇంకొకరి బల్ల మీద కనబడడం అంతకన్నా అసాధ్యం కాదు. ప్రేక్షకుడిగా నాకున్న ఫిర్యాదు ఒక్కటే. లైఫ్‌లైన్ అనేది ఈ ఆటలో పాత ఆటలకు లేని రెండో పెద్ద సొగసు. బయట ఉన్న బాబాయిని, లెక్కల మాస్టారిని ముప్పై సెకన్ల పాటు ఆటలోకి పిలుచుకునే వీలు ఎవరి బుర్రలో పుట్టిందన్న ప్రశ్నకు జవాబు ఒక రహస్య ఒప్పందం అడుగున ఉండిపోయింది. కొన్న సరుకు మీద తయారీదారు పేరు ఉన్నచోట కాగితం అతికించి అమ్మినట్టుంది.

ఇలాంటి కేసుల్లో చట్టం ఎందుకు చేతులెత్తేస్తుందో తెలియాలంటే 1989లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో న్యూజిలాండ్ కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు) ఇచ్చిన తీర్పు చూడాలి. బ్రిటన్‌లో ‘ఆపర్చునిటీ నాక్స్’ అనే ప్రతిభా పోటీని ఏళ్ల తరబడి నడిపిన హ్యూయీ గ్రీన్, న్యూజిలాండ్ ప్రసార సంస్థ తన కార్యక్రమాన్ని పేరుతో సహా, చప్పట్లు కొలిచే యంత్రంతో సహా, తాను పలికే ఊతపదాలతో సహా ఎత్తుకుపోయిందని దావా వేసి ఓడిపోయాడు. పోటీదారులు మారుతూ, పాటలు మారుతూ పోయే కార్యక్రమంలో చివరకు మారకుండా మిగిలే ఆ నాలుగు అలవాట్లను ఒక నాటకంలా రక్షించదగిన రచనగా పరిగణించడానికి న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. ఊహకు హక్కు లేదు, ఆ ఊహను రాసిన తీరుకే హక్కు అన్నది మన దేశంలోనూ 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో స్థిరపరచిన సూత్రమే.

ఈ సూత్రం క్రూరంగా కనబడుతుంది గాని, అది లేకపోతే కోటీశ్వరుడి ఆట కూడా ఉండేది కాదు. 1940 నాటి రెట్టింపు నిచ్చెన ఎవరి సొత్తో అయి ఉంటే బ్రిగ్స్ బృందం దాన్ని ముట్టుకోవడానికి వీలుండేది కాదు. బాకినీ వంటివారి నుంచి సెలడార్‌ను కాపాడిన గొడుగే, సెలడార్‌ను అనుకరించినవారి నెత్తి మీద కూడా నీడ పట్టింది. అనుకరణలు మన దేశంలో వెంటనే వచ్చాయి. హిందీ కార్యక్రమం మొదలైన ఏడాదే జీ టీవీ అనుపమ్ ఖేర్, మనీషా కొయిరాలాలను పెట్టి పది కోట్ల బహుమతితో ‘సవాల్ దస్ క్రోర్ కా’ మొదలుపెట్టింది. బహుమతి పదింతలు, మెరుపులు తక్కువేమీ కాదు, అయినా అది నిలబడలేదు. 2001లో సోనీ గోవిందాను దింపినా బచ్చన్ కుర్చీ కదలలేదు. ఊహ ఒక్కటే సరిపోయేదైతే పది కోట్లది గెలవాలి. ఘనత తగాదాలో నేను ఊహ కన్నా పనితనం వైపు మొగ్గడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఇదే.

ఊహ చెప్పినవాడికి ఏ దారీ లేదని కాదు. ఢిల్లీ హైకోర్టులో 2002లో నడిచిన అనిల్ గుప్తా కేసు ఈ విషయంలో తప్పక చదవదగినది. టెలివిజన్‌లో నిజంగానే స్వయంవరం జరిపించాలన్న పథకాన్ని ఆయన నమ్మకంతో ఒక ఛానెల్ వారికి వివరించి చెప్పాడు, తర్వాత వారే అలాంటిది తలపెట్టారన్నది ఆరోపణ. స్వయంవరం మన పురాణాలంత పాతదే కదా అన్న వాదనను పక్కన పెట్టి, నమ్మి చెప్పిన, రూపురేఖలు దిద్దుకున్న ఆలోచనను వాడుకోకూడదని కోర్టు తాత్కాలికంగా అడ్డుకట్ట వేసింది. బాకినీ వంటివారికి ఇక్కడ ఉపయోగపడేది కాపీరైటు కాదు, గోప్యతా బంధం. ఎప్పుడు, ఎవరికి, ఏ కాగితం ఇచ్చామన్నది తేదీతో సహా చూపించగలగాలి. మన తెలుగు ఛానెళ్లకు ఆటల ఆలోచనలు పట్టుకుని వెళ్లే కుర్రవాళ్లు నోటి మాటగా కథంతా చెప్పేసి, టీ తాగి తిరిగి రావడం ఇప్పటికీ మానలేదు. పథకం చెప్పేముందు ఒక మెయిల్ పంపి ఉంచుకోండని వారికి ఎవరైనా చెబితే బాగుండును.

ఇదే అరలో పక్కనే ఉన్న మరో సరుకుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. తెలుగులో 2017లో ఎన్టీఆర్‌తో మొదలై, మరుసటి ఏడాది నాని, 2019 నుంచి నాగార్జున నడుపుతున్న ‘బిగ్ బాస్’ మూలం 1999లో నెదర్లాండ్స్‌లో జాన్ డి మోల్ సంస్థ తెచ్చిన ‘బిగ్ బ్రదర్’. మనుషులను ఒకచోట బంధించి, ఒక్కొక్కరినీ బయటకు పంపే ఊహ తమ ‘సర్వైవర్’దని చార్లీ పార్సన్స్, బాబ్ గెల్డాఫ్‌లకు చెందిన సంస్థ అక్కడి కోర్టులకు ఎక్కింది. 2004లో డచ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కేసులో ‘సర్వైవర్’ ఫార్మాట్ పన్నెండు అంశాల ప్రత్యేకమైన కూర్పు కనుక దానికి రచనగా రక్షణ ఉందని తేల్చారు, ‘బిగ్ బ్రదర్’ మాత్రం దాన్ని కాపీ కొట్టలేదన్నారు. ఓడినవాడికి కూడా గౌరవం దక్కిన తీర్పు అది. కోటీశ్వరుడి విషయంలో అంతటి స్పష్టమైన తీర్పు ఎవరికీ దక్కలేదు, గెలిచినవాడికీ దక్కలేదు.

డబ్బు తగాదా అయితే మాత్రం తీర్పు చాలా స్పష్టంగా వచ్చింది. అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో 1999లో రెజిస్ ఫిల్బిన్‌తో ఈ ఆట విరగబడి ఆడింది. లాభాల్లో సగం సెలడార్‌కు రావాలన్నది ఒప్పందం. అంత ఆడినా లాభమే రాలేదని డిస్నీ పద్దులు చూపించాయి, ఎందుకంటే కార్యక్రమాన్ని కొన్నదీ, అమ్మినదీ, ప్రసారం చేసినదీ డిస్నీ గొడుగు కింది సంస్థలే. 2010లో కాలిఫోర్నియా జ్యూరీ సెలడార్‌కు సుమారు 27 కోట్ల డాలర్లు ఇవ్వాలని చెప్పింది, వడ్డీతో కలిపి అది 32 కోట్ల దరిదాపుల్లోకి వెళ్లింది, 2012లో పై కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చెప్పడానికి పద్దు పుస్తకాలు ఉంటాయి. ఆలోచన ఒక గదిలోంచి ఇంకొక గదిలోకి పోయినప్పుడు పద్దు రాసేవాడు ఉండడు. సెలడార్ తన హక్కులను 2006లోనే అమ్మేసింది, ఇప్పుడవి సోనీ చేతిలో ఉన్నాయి. అన్నట్టు, ఈ ఆట హిందీ కుర్చీ చుట్టూ కథ తిప్పి ఎనిమిది ఆస్కార్లు తెచ్చుకున్న 2008 నాటి ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రం నిర్మాతల్లో సెలడార్ చిత్ర విభాగం కూడా ఉంది. ఆట నుంచి ఎన్ని విధాల రాబడి పిండవచ్చో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మన అవధానంలో ఈ బెంగ లేకపోవడం చూస్తే ముచ్చటేస్తుంది. నిషిద్ధాక్షరి ఎవరు కనిపెట్టారు, దత్తపది ఎవరిది, అప్రస్తుత ప్రసంగం పెట్టాలని మొదట ఎవరికి తోచింది అని ఏ పృచ్ఛకుడూ దావా వేయలేదు. ఆట అందరిది, ఆడి గెలిచిన ఘనత తిరుపతి వేంకట కవులదో, మరొకరిదో. సభలో ఒకరి ఏకాగ్రతను చెదరగొట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టాలన్న ఆలోచన కన్నా తెలివైనది టెలివిజన్ ఆటల్లో నాకు కనబడలేదు. అయితే అవధానాన్ని ఎవరూ దేశాల లెక్కన అమ్మలేదు. అమ్మకం మొదలైన చోట ఊహ ఎవరిదన్న తగాదా మొదలవక తప్పదు, అప్పుడు పేరు రాయడం మర్యాద కాదు, బాధ్యత.

తెలుగు రూపం గుణదోషాలు. నాగార్జున మాట నిదానం, పోటీదారును తొందరపెట్టని తీరు ఆటకు బాగా నప్పాయి. 2017 సీజన్‌లో చిరంజీవి ఆప్యాయత చూపించడంలో దిట్ట గాని, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య బిగువు కొంత సడలేది. ఎన్టీఆర్ ముగ్గురిలోకీ మంచి వ్యాఖ్యాత అని నా లెక్క. జవాబు లాక్ చేసే ముందు ఆయన తీసుకునే విరామం, గొంతు తగ్గించే పద్ధతి చూస్తే ఆ నేపథ్య సంగీతాన్ని ఆయన నిజంగా వింటున్నాడనిపిస్తుంది. ఆ సీజన్‌లోనే ఒక పోలీసు సబ్-ఇన్‌స్పెక్టర్ కోటి గెలిచిన ఎపిసోడ్ ఈ సరుకు తెలుగులో ఎంత బాగా పనిచేయగలదో చూపించింది. పైన చెప్పిన త్రాసు సమానంగా నిలిచే చోట ఒక మనిషి నిలబడి, కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చి జవాబు చెప్పడం ఎంత సేపు చూసినా విసుగు రాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. తొలి మెట్ల ప్రశ్నల్లో సినిమా పాలు మరీ ఎక్కువ, పాట పల్లవి విని హీరోయిన్ పేరు చెప్పించడానికి లండన్ నుంచి హక్కులు కొననక్కరలేదు. అంతకన్నా పెద్ద లోపం సినిమా తారలు ఆడే ప్రత్యేక ఎపిసోడ్లు. గెలిచిన డబ్బు దానానికి వెళుతుందన్నది మంచి సంగతే గాని, ఆట యంత్రం అక్కడ పనిచేయడం మానేస్తుంది. 3,20,000కు జారిపోతానన్న భయం లేని మనిషికి ముందు చూసి తర్వాత తేల్చుకునే నియమం అర్థం లేనిది. ప్రశ్నల మధ్య కబుర్లు, కబుర్ల మధ్య ప్రోమోలు, వాటి మధ్య ప్రకటనలు కలిసి గంటలో మూడు నాలుగు ప్రశ్నలకు కుదించిన రోజులు కూడా ఉన్నాయి. ప్రకటనలు తప్పవు, కబుర్లు తగ్గించుకోవచ్చు. రైతు, ఆటో డ్రైవరు, టీచరు వంటివారి కథను ఏడుపు సంగీతంతో నింపడం ఈ ఆటకు అవసరం లేదు, నిచ్చెనే చాలినంత కథ చెబుతుంది.

తెలుగు ప్రశ్నలు రాసినవారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెట్టెలో లేని ఒకే ఒక్క భాగం అది. బొబ్బిలి యుద్ధం, కొల్లేరు, నన్నయ, పోలవరం గురించి నాలుగు జవాబులతో ప్రశ్న కట్టి, మూడు తప్పు జవాబులు కూడా నమ్మదగినవిగా ఉండేటట్టు చూడడం తేలికైన పని కాదు. తప్పు జవాబు బలహీనంగా ఉంటే ఫిఫ్టీ ఫిఫ్టీ అనవసరమవుతుంది, మరీ బలంగా ఉంటే ప్రశ్నే వివాదమవుతుంది. హిందీ కార్యక్రమాన్ని నిలబెట్టినవారిలో సిద్ధార్థ బసు పేరు దేశానికి తెలుసు, ఎందుకంటే దూరదర్శన్ ‘క్విజ్ టైమ్’ రోజుల నుంచి ఆయన ముఖం మనకు పరిచయం. తెలుగు ప్రశ్నల వెనక ఉన్నవారికి అటువంటి పరిచయం లేదు. చివరి టైటిళ్లు తెరలో ఒక మూలకు కుదించి, పక్కన రేపటి సీరియల్ ప్రోమో నడుపుతూ, కంటికి ఆనకముందే దొర్లించేసే అలవాటు మన ఛానెళ్లన్నిటికీ ఉంది. బ్రిగ్స్, వైట్‌హిల్, నైట్, స్ట్రాచన్‌ల పేర్లు కూడా అదే వేగంలో కలిసిపోతే ఇక ఘనత గురించి కోర్టుల్లో ఎవరు గెలిస్తే ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది?

అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తాను. నిచ్చెన అంకెలకు, ప్రశ్న చూసి మానుకునే నియమానికి, సంగీతానికి, ఎన్టీఆర్ విరామాలకు ఆ నాలుగూ. కొత్తగా చూడాలనుకునేవారు తారల ఎపిసోడ్లు వదిలేసి, మామూలు పోటీదారులు 6,40,000 దాటి వెళ్లిన ఎపిసోడ్లతో మొదలుపెట్టడం మేలు. మరో సీజన్ ఏ ఛానెల్ తెచ్చినా, ఆట రూపకర్తల పేర్లతో పాటు తెలుగు ప్రశ్నలు కట్టినవారి పేర్లు చదవడానికి వీలైనంత సేపు, తెర నిండా, ప్రోమో లేకుండా నిలిపితే అయిదో నక్షత్రం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.